తీసికొన్న విత్తనమునకు తీర్పవలసిన ఋణము: హైదరాబాదు విత్తన, ఔషధ, జీవసాంకేతిక పరిశ్రమల అధిపతులకు బహిరంగ లేఖ

మాన్యులారా,

భాగ్యనగరమును కేంద్రముగా చేసికొని విత్తనములు, టీకామందులు, ఔషధములు, ఎంజైములు, వ్యాధినిర్ధారణ సామగ్రి తయారుచేసి దేశదేశములకు పంపుచు, ఈ నగరమునకు కీర్తిని, వేలాది కుటుంబములకు జీవికను సమకూర్చుచున్న మీకు, మీ వ్యాపారములతో ఏ లావాదేవియు లేని ఒక చదువరి ఈ లేఖ వ్రాయుచున్నాడు. ప్రభుత్వమునకు వ్రాయవలసిన మాటలు వేఱు. వానిని వ్రాయువారు పెక్కురు కలరు. నేను చెప్పదలచినది మీరు ఏ శాసనమునకును, ఎవరి యనుజ్ఞకును ఎదురుచూడక, మీ పాలకమండలి సమావేశమున ఒక్క తీర్మానముతో చేయగలిగిన పనిని గూర్చినది. కావున దీనిని మీ పేరనే, నలుగురు చదువునట్లుగా వ్రాయుట యుచితమని తలచితిని.

2012వ సంవత్సరము అక్టోబరు 8వ తేదీ నుండి 19వ తేదీ వఱకు జీవవైవిధ్య ఒడంబడికలో చేరిన దేశముల పదునొకండవ మహాసభ మన నగరముననే జరిగిన సంగతి మీలో పెక్కురకు జ్ఞప్తియందుండును. గచ్చిబౌలి చెంతనున్న వనమును, దాని ప్రక్కనున్న కూడలియు నేటికిని జీవవైవిధ్యము పేరుతోనే వ్యవహరింపబడుచున్నవి. వర్ధమాన దేశములలో జీవజాతుల రక్షణకై అందెడి అంతర్జాతీయ ధనసహాయమును 2015 నాటికి రెట్టింపు చేయవలెనని ఆ సభ నిర్ణయించినది. నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ ఆ వేదిక నుండియే 5 కోట్ల డాలర్ల వాగ్దానము చేసిరి. ఆ సభ జరుగుచుండగనే భారతదేశము నగోయా ఒప్పందమును ధ్రువీకరించినది. ఒక దేశపు జీవసంపదను గాని, ఒక జనసముదాయము తరతరములుగా కాపాడుకొని వచ్చిన తెలివిని గాని వినియోగించి లాభము గడించినవారు ఆ లాభములో కొంత ఆ దేశమునకు, ఆ జనమునకు న్యాయముగా పంచియీయవలె ననుట ఆ ఒప్పందమునకు ప్రాణము. అట్టి ధర్మమునకు ఆతిథ్యమిచ్చిన నగరమునందే మీ కార్యాలయము లున్నవి గనుక, ఆ ధర్మమును ఆచరణలో పెట్టుటయందును ఈ నగరమే ముందుండవలెనని నా కోరిక.

మొదట వేరుశనగ మాట చెప్పెదను. రాయలసీమలో బుడ్డలనియు, తెలంగాణమున పల్లీలనియు పిలువబడుచు, అనంతపురము మెట్టభూముల నాక్రమించి, మన వంటయింటికి నూనెను, పశువుల కొట్టమునకు మేతను సమకూర్చు ఈ పైరు మన నేలలో పుట్టినది కాదు. దక్షిణ అమెరికాలో బొలీవియా దక్షిణభాగమునను, దాని నానుకొనియున్న అర్జెంటీనా వాయవ్యసీమయందును వేలయేండ్ల క్రిందట రెండు అడవిజాతులు సంకరమై, అచ్చటి ఆదివాసుల చేతులలో సాగుమొక్కయై, పిమ్మట ఐరోపా నావికుల ఓడలలో సముద్రములు దాటి ఆఫ్రికాకును ఆసియాకును చేరినది. ఆ రెండు అడవిజాతులలో నొకటి బొలీవియాలో ఒక్కచోటనే వృక్షశాస్త్రజ్ఞులకు లభించినది. 2016లో దాని జన్యుక్రమమును ప్రకటించిన అంతర్జాతీయ బృందము, ఆ అడవిమొక్క జన్యుసంపుటియు, మనము పండించు వేరుశనగలో ఆ జాతినుండి వచ్చిన జన్యుభాగమును నూటికి 99.96 పాళ్ళు ఏకమై యున్నవని చూపినది. అనగా, అనంతపురము చేనిలో పెఱికిన ప్రతి కాయలోను ఆ సుదూరదేశపు కొండపాదముల మొక్క దాదాపు మార్పు లేక నిలిచియున్నదన్నమాట.

ఇంతకన్న దగ్గఱి ఋణము మఱియొకటి కలదు. వేరుశనగ వేయు ప్రతి రైతునకు తిక్క ఆకుమచ్చ తెగులును, తుప్పు తెగులును తెలియును. వానలు విడువక ముసురుపట్టిన యేట ఆకులన్నియు రాలి, కాయ ఊరక, సగము పంట పోయిన సందర్భములు కలవు. సాగునందున్న రకములలో ఆ తెగుళ్ళకు ఓర్చుకొను శక్తి అల్పము. ఆ శక్తి బొలీవియా అడవులలో దొరకిన మఱియొక జాతియందు కనబడినది. అర్జెంటీనా వృక్షశాస్త్రజ్ఞుడు ఆంతోనియో క్రాపోవికాస్, అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టన్ గ్రెగరీ కలిసి, బొలీవియా వృక్షశాస్త్రజ్ఞుడైన మార్తీన్ కార్దెనాస్ గౌరవార్థము దానికి అరాకిస్ కార్దెనాసి యని పేరిడిరి. సాగురకమునకు క్రోమోజోములు నలువది, ఈ అడవిజాతికి ఇరువది. అందుచే సంకరము చేయగా పుట్టిన మొక్కలు గొడ్డువోయినవి. అమెరికాలోని ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఏండ్ల తరబడి ఓర్పుతో ఆ అడ్డంకిని దాటి సిద్ధపఱచిన వంశములు పటాన్‌చెరువునందలి అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థయగు ఇక్రిశాట్ క్షేత్రములకు వచ్చినవి. అచ్చట ఏర్పడిన రకములు ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చేరి, జి.పి.బి.డి. 4 అను రకమునకు తెగుళ్ళనోర్చు గుణము నిచ్చినవి. 2021లో శాస్త్రజ్ఞులు ఈ వంశవృక్షమునంతను జన్యువులతో సరిచూచి, బొలీవియాలో సేకరించిన ఆ ఒక్క అడవివిత్తనపు సంతతి ఆఫ్రికా, ఆసియా, ఓషియానియా, అమెరికా ఖండములలో 30 దేశములకు వ్యాపించినదని నిరూపించిరి. దానివలన రైతు పంట దక్కినది. పిచికారీలు తగ్గి మందుల ఖర్చు మిగిలినది. ఆ మందుల తయారీకిని, చల్లుటకును కాలవలసిన ఇంధనము కాలక, ఆ మేరకు వాయుమండలమునకు భారము తగ్గినది.

అర్జెంటీనా పండితుడు, అమెరికా విశ్వవిద్యాలయము, పటాన్‌చెరువు ప్రయోగక్షేత్రము, ధార్వాడ అధ్యాపకులు, వీరిలో ఏ ఒక్కరు లేకున్నను ఈ పని సాగియుండెడిది కాదు. అంతర్జాతీయ పరిశోధనా సహకారమన నేమని ఎవరైన అడిగినచో నేను ఈ కథనే చెప్పుదును. కాని ఇందు బొలీవియాకు ముట్టినదేమి? ఆనాటి పద్ధతి ప్రకారము ఆ విత్తనము ఉచితముగా చేతులు మారినది. అడిగినవారు లేరు, ఇచ్చినవారును లేరు. మన పల్లెలలో విత్తనములకు కఱవైన రైతు పొరుగువాని గాదెనుండి గింజలు కొలిపించుకొని పోయి, పంట నూర్చినంతనే కళ్ళములోనే తీసికొన్న కొలతకు నాగు, అనగా గింజల రూపపు వడ్డీ, కలిపి తిరిగి కొలిచెడివాడు. ఆ నాగు కొలువనివానికి మఱుసటియేట ఏ గాదెయు తెఱచుకొనెడిది కాదు. దేశముల నడుమ నేడు సరిగా అదియే జరుగుచున్నది. జీవసంపద గల దేశములు తమ వాకిళ్ళను మూసికొనుచున్నవి. విత్తనము దాటవలెనన్నను, మట్టి దాటవలెనన్నను, సూక్ష్మజీవి దాటవలెనన్నను అనుమతులు రావు, వచ్చినను ఏండ్లు పట్టును. ఆ వేరుశనగ వంశవృక్షమును వెలికితీసిన శాస్త్రజ్ఞులే, నేటి పరిస్థితులలో అట్టి విత్తనవినిమయము దుర్లభమైనదని విచారించిరి. వాకిలి మూసినవారిని నేను తప్పుపట్టజాలను. మోసపోయితిమన్న తలంపు వారికి కలుగుటకు తగిన చరిత్రయే యున్నది.

ఆ చరిత్రలో ఒకటి రెండు మాత్రము చెప్పి ముందుకు సాగెదను. మన దొడ్లలో పూచు బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపపు మొక్క. దాని ఆకులనుండి తీసిన విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అను మందులు 1960వ దశాబ్దినుండి రక్తక్యాన్సరు సోకిన పసిపిల్లలకు, ఇతర రోగులకు ప్రాణదానము చేయుచున్నవి. అమ్మిన సంస్థలకు సంపద చేకూరినది, మడగాస్కరు నేటికిని ప్రపంచములోని నిరుపేద దేశములలో నొకటిగనే యున్నది. మన యనుభవము మీకు తెలియనిది కాదు. గాయమునకు పసుపు రాచుటపై 1995లో అమెరికాలో పేటెంటు మంజూరుకాగా, మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీనగ్రంథములను సాక్ష్యముగా చూపి 1997లో దానిని రద్దు చేయించినది. వేపనూనెతో బూజుతెగుళ్ళ నరికట్టు పద్ధతిపై ఐరోపాలో ఇచ్చిన పేటెంటు 2000లో రద్దై, ఆ రద్దు 2005లో స్థిరపడినది. ఆ రెండు విజయములకును దేశమంతయు పొంగిపోయినది, పొంగిపోవుటయు న్యాయమే. అయితే పసుపునకు, వేపకు హక్కుదారులమై నిలిచిన మనము, వేరుశనగ విషయమున బాకీదారులమని ఎన్నడైన తలచితిమా?

వేరుశనగ ఒక్కటియే కాదు. శనగ జన్మస్థానము టర్కీ ఆగ్నేయప్రాంతము. జబల్పూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము, ఇక్రిశాట్ కలిసి రూపొందించిన జె.జి. 11 వంటి స్వల్పకాలపు రకములు వచ్చిన పిదప ప్రకాశము, కర్నూలు జిల్లాల నల్లరేగడులలో శనగసాగు ఎట్లు విస్తరించినదో ఆ ప్రాంతపు రైతులను అడిగిన చెప్పుదురు. సజ్జలు ఆఫ్రికాలో సహారా ఎడారి దక్షిణపుటంచున పుట్టినవి. ఇక మన మిచ్చినదియు లేకపోలేదు: కంది మన దేశపు పంట; దాని అడవిబంధువు తూర్పుకనుమలలో నేటికిని పెరుగుచున్నది; ఆ అడవిమొక్క కణద్రవ్యమును తల్లిగా గొనియే ఇక్రిశాట్ శాస్త్రజ్ఞులు కందిలో సంకరవిత్తనమును సాధించిరి, తెలంగాణమున మన్నెంకొండ కంది యనునది ఆ కోవలోనిదే. కెన్యా, టాంజానియా, మలావీ దేశముల రైతులు పండించి తినుచున్నది మన కందియే. ఈ పంటల విషయమున శాశ్వతముగా ఇచ్చునదియే గాని, శాశ్వతముగా పుచ్చుకొనునదియే గాని అయిన దేశమొక్కటియు లేదు.

1972లో పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ విత్తననిధిలో 144 దేశములనుండి వచ్చిన సుమారు 1,28,000 విత్తననమూనాలు భద్రముగా నున్నవి. మీ కార్యాలయములనుండి గంటసేపటి ప్రయాణములో ఇట్టి నిధి యుండుట ఏ నగరమునకును సులభముగా లభింపని భాగ్యము. మీలోని విత్తనసంస్థలకు ఆ నిధితో సంబంధము పాతదే. 2000వ సంవత్సరమునుండి జొన్న, సజ్జ సంకరములకు కావలసిన తల్లిదండ్రుల వంశములను అభివృద్ధి చేయుటకై ప్రైవేటు విత్తనసంస్థలు చందాలు చెల్లించి ఇక్రిశాట్‌తో కూడి ఒక పరిశోధనాసమాఖ్యగా ఏర్పడినవి. ఉమ్మడి పరిశోధనకు డబ్బు పెట్టుట మీకు క్రొత్త కాదని చెప్పుటకే దీనిని జ్ఞాపకము చేసితిని. ఆహారవ్యవసాయ సంస్థ ఆధ్వర్యమున 2001లో కుదిరి 2004లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ విత్తన ఒడంబడికయు ఇట్టి ఉమ్మడి పద్ధతినే పెద్దయెత్తున నెలకొల్పినది. కాని దాని అనుబంధపు పంటల పట్టికలో జొన్న, సజ్జ, శనగ, కంది యుండగా వేరుశనగ లేదు. మనకు మిక్కిలి ఋణమున్నచోటనే ఒప్పందము కొఱవడుట చూడుడు.

ఇంతవఱకు చెప్పినదంతయు చేతితో పట్టుకొనదగిన విత్తనము మాట. గడచిన ముప్పదియేండ్లలో వ్యవహారము మాఱినది. ఇప్పుడు శాస్త్రజ్ఞుడు విత్తనముకొఱకు బొలీవియా పోనక్కఱలేదు. ఆ విత్తనపు జన్యుక్రమము నాలుగక్షరముల వరుసగా వ్రాయబడి కంప్యూటరులో లభించును. అమెరికాలోని జెన్‌బ్యాంకు, ఐరోపాలో ఒకటి, జపానులో ఒకటి, ఈ మూడు సమాచారకోశములు ప్రతిదినము పరస్పరము సమాచారము మార్చుకొనుచు, ప్రపంచమునందలి జీవరాశుల జన్యుక్రమములను అడిగినవారికి, అడుగకయే తీసికొనువారికి గూడ, ఉచితముగా అందించుచున్నవి. సముద్రగర్భపు సూక్ష్మజీవినుండి తీసిన ఎంజైము క్రమమును ఒకడు తీసికొని, తన ప్రయోగశాలలో దానిని సంశ్లేషించి, ఈస్టుకణములలో పెంచి, బట్టల సబ్బుపొడిలో కలిపి అమ్మవచ్చును. సరిహద్దు దాటిన వస్తువు లేదు గనుక నగోయా ఒప్పందపు అనుమతిపత్రముల ప్రసక్తియే అక్కడ రాదు.

ఈ బహిరంగతను మూసివేయుడని కోరువారిలో నేను లేను. 2020 జనవరి రెండవవారమున చైనా శాస్త్రజ్ఞులు క్రొత్త కరోనా వైరస్ జన్యుక్రమమును లోకమునకు వెల్లడించినప్పుడు, ఆ వైరస్ నమూనా ఇంకను చేరని దేశములలో గూడ టీకాల రూపకల్పన ఆరంభమైనది. టెక్సాస్ బాలల వైద్యశాల, బేలర్ వైద్యకళాశాలల శాస్త్రజ్ఞులు రూపొందించి, పేటెంటు కోరక విడిచిన ప్రోటీను ఆధారముగా హైదరాబాదునందలి బయొలాజికల్-ఇ సంస్థ కోర్బెవాక్స్ టీకాను తయారుచేసినది. 2021 డిసెంబరులో దానికి మన దేశమున అనుమతి లభించినది. జన్యుక్రమములు తాళపుపెట్టెలలో నుండినచో ఇది సాధ్యమై యుండెడిదా? కోశములు తెఱచియే యుండవలెను. అవి తెఱచి యుండుటవలన లాభము గడించినవారు మాత్రము తమ వంతు చెల్లింపవలెను. ఈ రెండింటిని కలుపు మార్గమునకై దేశములు పలుసంవత్సరములు వాదించుకొన్నవి.

ఆ మార్గము 2024లో కొలంబియాదేశపు కాలీ నగరమున జరిగిన పదునారవ మహాసభలో, రాత్రియంతయు సాగిన కడపటి చర్చలలో, నిర్ణయమైనది. 2025 ఫిబ్రవరి 25వ తేదీన రోము నగరమున ఆ వంతులను స్వీకరించు కాలీ నిధి ప్రారంభమైనది. జన్యుక్రమ సమాచారమువలన ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని ప్రయోజనము పొందు రంగములు, అనగా ఔషధములు, సౌందర్యసాధనములు, విత్తన పశుసంతతి అభివృద్ధి, జీవసాంకేతికము, ప్రయోగశాలా పరికరములు, వీనికి సంబంధించిన సమాచారసాంకేతికము మొదలగునవి ఆ నిర్ణయమున పేర్కొనబడినవి. ఆస్తులు 2 కోట్ల డాలర్లు, అమ్మకములు 5 కోట్ల డాలర్లు, లాభము 50 లక్షల డాలర్లు, ఈ మూడు హద్దులలో రెండింటినైనను గత మూడేండ్ల సగటున దాటిన సంస్థలు, తమ లాభములో నూటికి ఒకపాలు గాని, రాబడిలో వేయింటికి ఒకపాలు గాని ఆ నిధికి చెల్లింపవలెనని సూచింపబడినది. విశ్వవిద్యాలయములను, ప్రభుత్వపరిశోధనాలయములను ఎవరును అడుగలేదు. వచ్చిన ధనములో కనీసము సగము ఆదివాసులకు, స్థానిక జనసముదాయములకు, వారు తామే గుర్తించిన యవసరములకై చేరవలెను. అయితే ఇది ఐచ్ఛికము. చెల్లింపనివానిని అడుగు న్యాయస్థానము లేదు. అందుచేతనే ఈ లేఖ.

లెక్క చూచుకొనుడు. ఏటికి 1,000 కోట్ల రూపాయల రాబడిగల సంస్థకు వేయింటికి ఒకపాలనగా ఒక కోటి రూపాయలు. ప్రకటనలకును, ప్రదర్శనశాలలకును, విదేశీ సమావేశములకును అట్టి సంస్థ చేయు వ్యయముతో పోల్చిచూచిన ఇది పెద్దమొత్తము కాదు.

మీనుండి రాగల సమాధానములు నాకు తెలియనివి కావు. 2013 కంపెనీల చట్టము ననుసరించి సామాజిక బాధ్యతక్రింద సగటు లాభములో నూటికి రెండుపాళ్ళు వ్యయము చేయుచునే యున్నాము గదా యని కొందఱు అందురు. మీరు ఆ ధనముతో కట్టించిన బడులు, తవ్వించిన చెఱువులు, పెట్టించిన మంచినీటి యంత్రములు మేలైనవే. కాని దానము వేఱు, బాకీ వేఱు. దానము చేసినంత మాత్రమున బాకీ చెల్లిపోదు. భారతీయ జీవవైవిధ్య చట్టము క్రింద చెల్లించుచున్నాము గదా యని మఱికొందఱు అందురు. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ చూచునది ఈ దేశపు జీవసంపద. బొలీవియా, మడగాస్కరు, సహారా అంచుదేశములు, సముద్రగర్భములు దాని పరిధిలోనివి కావు. రసాయనసంశ్లేషణముతోనే మందులు చేయు సంస్థలు తమకు జన్యుక్రమములతో పనిలేదని చెప్పవచ్చును. అది నిజమైనచోట నేనును అంగీకరింతును. వారిని ఉద్దేశించి వ్రాసినది కాదు ఈ లేఖ.

అన్నిటికన్న బలమైన యభ్యంతరము వేఱొకటి: మహాసంపన్నములైన పాశ్చాత్య సంస్థలు ముందు చెల్లింపవలదా, మేమేల ముందు పోవలెను? ఇది న్యాయమైన ప్రశ్న. అమెరికా సంయుక్తరాష్ట్రములు 1993లో జీవవైవిధ్య ఒడంబడికపై సంతకము చేసినవే గాని నేటివఱకు ధ్రువీకరింపలేదు. జెన్‌బ్యాంకును నడపునది వారే, ఒడంబడికకు వెలుపల నున్నదియు వారే. వారి సంస్థలను దేశములన్నియు నిలదీయవలసినదే. కాని నిలదీయునప్పుడు మన నోట మాట పెగలవలెనన్న మన చేయి ముందు ఇచ్చియుండవలెను. పసుపు, వేప పోరాటములలో భారతదేశము వర్ధమాన ప్రపంచమునకు ముందు నడచినది. జీవసంపదగల దేశమై, దానిని వినియోగించు పరిశ్రమగల దేశమై, రెండు పక్షములకును చెందిన మనము చెల్లించిననాడు తప్పించుకొన జూచువారి వాదమంతయు వ్యర్థమగును. ఆ స్థానము జర్మనీ సంస్థలకు లేదు, స్విట్జర్లాండు సంస్థలకును లేదు. హైదరాబాదు సంస్థలకు కలదు.

ఋతువులు తప్పుచున్న ఈ కాలమున ఇది నీతిమాత్రమునకు సంబంధించినది గాదు. 2022 మార్చి మాసము మన దేశమున 1901నుండి లెక్కలున్నంతలో అత్యుష్ణమైన మార్చిగా నమోదైనది. గింజ పాలుపోసుకొను తరుణమున వడగాలి తగిలి ఉత్తరాదిని గోధుమపంట దెబ్బతినగా, ఆ మే నెలలోనే ప్రభుత్వము గోధుమల ఎగుమతిని నిషేధించినది. ఇకముందు మీరు అమ్మదలచు విత్తనము ఆ వేడికి, అకాలపు వానకు, నేలలో పేరుకొను చవుడునకు ఓర్చుకొనునదై యుండవలెను. ఆ యోర్పు సాగురకములలో నశించినది. అడవిబంధువులలోను, మాఱుమూల రైతుల పాతవిత్తనములలోను మిగిలియున్నది. ఇక్రిశాట్ నాయకత్వమున 41 సంస్థల శాస్త్రజ్ఞులు 60 దేశములనుండి వచ్చిన 3,366 శనగ వంశముల జన్యుక్రమములను చదివి 2021లో ప్రకటించిరి. వేడిమికి, అనావృష్టికి తట్టుకొను రకములను వెదకుటకు అది నేడు మూలాధారము. ఆ 60 దేశములలో సగము తలుపులు మూసికొనినచో అట్టి పరిశోధన మఱల జరుగదు. మీ పరిశోధనా విభాగాధిపతులను పిలిచి అడుగుడు. ఈ మాట వారు నాకన్న గట్టిగా చెప్పుదురు.

మూసిన తలుపులు న్యాయముతో తెఱచుకొనునని చెప్పుటకు మన దక్షిణదేశముననే ఒక తార్కాణము కలదు. కేరళలో అగస్త్యకూటపు అడవులలో నివసించు కాణి తెగవారు 1987లో శాస్త్రజ్ఞుడు పుష్పాంగదన్ బృందమునకు దారిచూపుచు, అలసట తెలియకుండుటకై తాము నమలు ఆరోగ్యపచ్చ కాయలను వారికిని పెట్టిరి. ఆ మొక్కనుండి తిరువనంతపురపు ఉష్ణమండల వనస్పతి పరిశోధనాలయము జీవని యను మందును రూపొందించి, 1995లో కోయంబత్తూరు ఆర్యవైద్య ఫార్మసీకి హక్కు లిచ్చి, వచ్చిన మూల్యములోను రాయల్టీలోను సగము కాణివారికి చెందవలెనని నిర్ణయించినది. నగోయా ఒప్పందము అప్పటికి పుట్టనైన లేదు. ఏ చట్టమును వారిని బలవంతపెట్టలేదు. అడవిలో ఆ మొక్కను పెంచుటకు కాణివారికే అటవీశాఖ అనుమతులు చిక్కకపోవుట, ఆదాయము అనుకొన్నంతగా రాకపోవుట మొదలైన లోపములు పిమ్మట బయల్పడినవి. వానిని దాచవలసిన పని లేదు. అయినను తెలివి చెప్పినవానికి భాగమీయవచ్చునని లోకమునకు మొదట చూపిన కొద్దిపాటి ఉదాహరణములలో అదియొకటి.

మన సమీపమునకు రండు. జహీరాబాదు ప్రాంతమున పస్తాపురము కేంద్రముగా దక్కను డెవలప్‌మెంటు సొసైటీ సంఘముల స్త్రీలు, అందు అధికులు దళితస్త్రీలు, చిన్నకమతముల యజమానురాండ్రు, జొన్న, కొఱ్ఱ, సామ, సజ్జ, కంది, పెసర మొదలగు పాతవిత్తనములను బూడిదయు వేపాకును కలిపి బుట్టలలో భద్రపఱచి, ఒకే చేనిలో పలుపంటలు కలిపి వేయుచు, ఒకరి కొకరు ఇచ్చిపుచ్చుకొనుచు కాపాడుచున్నారు. 2019లో వారికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారి ఈక్వేటర్ పురస్కారము లభించినది. మీ ప్రయోగశాలలలో శీతలగదులు పెట్టి చేయు పనిని వారు వానకును ఎండకును ఓర్చి, ప్రతియేట విత్తి, ప్రతియేట కోసి చేయుచున్నారు. పైగా శీతలగదిలోని విత్తనము కాలముతో పాటు మాఱదు, చేనిలోని విత్తనము మాఱుచున్న ఋతువును ఏటేట నేర్చుకొనును. కాలీ నిధిలో సగము చేరవలసినది భూమండలమంతట నున్న ఇట్టివారికే. ఆండీసు పర్వతములపై బంగాళాదుంప జాతులను కాపాడు కెచువా రైతులు, ఇథియోపియాలో జొన్నలను కాపాడు స్త్రీలు, వీరందఱు మీ పరిశ్రమకు జీతము లేని పరిశోధకులు.

ధనముతో పాటు మఱియొకటి కోరెదను. 2022లో మాంట్రియల్ నగరమున దేశములు అంగీకరించిన జీవవైవిధ్య ప్రణాళికలో పదునైదవ లక్ష్యము, పెద్దసంస్థలు జీవవైవిధ్యముపై తమ యాధారమును, తాము కలిగించు ప్రభావమును వెల్లడింపవలెనని చెప్పుచున్నది. మన దేశమునను స్టాకు మార్కెట్టులో నమోదైన మొదటి వేయి సంస్థలు పర్యావరణ, సామాజిక బాధ్యతలపై నివేదిక లిచ్చుట 2022-23నుండి నిర్బంధమైనది. ఆ నివేదికలను నేను కొన్ని చదివితిని. నీటిమీటరు లెక్కలు, విద్యుత్తు లెక్కలు, నాటిన మొక్కల లెక్కలు వానియందు పుష్కలముగా కలవు. మీ విత్తనము తల్లి ఏ దేశపుది, మీ ఎంజైము ఏ సముద్రపు సూక్ష్మజీవిది, ఆ క్రమమును కోశములో చేర్చినది ఏ శాస్త్రజ్ఞులు అను మాట ఎచ్చటను కనబడలేదు. దానిని వ్రాయుటకు వ్యయము లేదు, వ్యాపారరహస్యమును వెల్లడింపనక్కఱయు లేదు. ఆ దేశముల యువశాస్త్రజ్ఞులను మీ ప్రయోగశాలలకు పిలిచి పని నేర్పుటయు, ఫలితములను వారితో కలిసి ప్రకటించుటయు మీకు భారము కావు. విత్తనమిచ్చిన దేశము ఎల్లకాలము విత్తనమిచ్చు దేశముగనే యుండవలెనను నియమము ఎచ్చటను లేదు.

2026 అక్టోబరు 19వ తేదీ నుండి 30వ తేదీ వఱకు ఆర్మీనియా రాజధాని యెరెవాన్ నగరమున పదునేడవ మహాసభ జరుగనున్నది. కాలీ నిధికి ఎవరు చెల్లించిరి, ఎవరు చెల్లింపలేదు అను ప్రశ్న అచ్చట తప్పక వచ్చును. చెల్లించినవారి పట్టికలో హైదరాబాదు సంస్థల పేర్లు ముందు వరుసలో చదువబడుటకు మీరు చేయవలసినది, మీ తదుపరి పాలకమండలి సమావేశపు కార్యక్రమములో ఈ విషయమును చేర్చి, గత సంవత్సరపు రాబడిలో వేయింటికి ఒకపాలు చెల్లింప తీర్మానించి, ఆ తీర్మానమును పత్రికలలో ప్రకటించుట. ఆ పని ఈ సంవత్సరమే చేయుడని, ఒకరు చేయువఱకు ఒకరు ఆగవలదని మిమ్ములను వేడుకొనుచున్నాను.

భవదీయుడు,
హైదరాబాదు నగరవాసియైన ఒక చదువరి